గ్రూపు నిండిపోతే ఎవర్ని తీసేయాలి?

నమస్తే అండీ. బీచ్ శుభ్రం చేసే మీ వాట్సాప్ గ్రూపు 1024 మందితో నిండిపోయిందని, ఎప్పుడూ మాట్లాడనివాళ్లను తీసేయాలా అని అడిగారు. దయచేసి ఆ పని చేయకండి. ఆదివారం పొద్దున్నే రుషికొండకు సంచి పట్టుకుని వచ్చేవాళ్లలో చాలామంది గ్రూపులో ఒక్క ముక్క కూడా రాయరు.

మీరే ఒక మెసేజ్ పెట్టి, పది రోజులాగి, దాన్ని నొక్కిపట్టి 'ఇన్ఫో' చూడండి. చదివినవాళ్లు, మెసేజ్ చేరినా చదవనివాళ్లు విడివిడిగా కనిపిస్తారు. బ్లూ టిక్కులు ఆపేసుకున్నవాళ్లు కూడా గ్రూపులో తెలిసిపోతారు. రెండు చోట్లా లేనివాళ్లకు మెసేజ్ అందనే లేదు, బహుశా నంబరు మారి ఉంటుంది. తీసేయాల్సింది వాళ్లనే. అయితే మన వైజాగ్‌లో షిప్పుల మీద పనిచేసేవాళ్లు ఎక్కువ, వారాల తరబడి సిగ్నల్ ఉండదు. తీసేముందు ఇంట్లోవాళ్లనో, స్నేహితులనో ఒక్కసారి అడగండి.