ఆ ఐదు వేలు ఎవరివమ్మా?

ఉత్తరం: మాది నరసరావుపేట. మావారు హైస్కూలు టీచరుగా చేసి రిటైరయ్యారు. అబ్బాయికి 24 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం, చేతికి 42 వేలు వస్తుంది. రెండేళ్ల కిందట కారు కావాలని పట్టుబట్టాడు. వాడి ఉద్యోగం కొత్తదని బ్యాంకు లోను ఇవ్వలేదు. రెండు లక్షలు మేం కట్టి, మిగతా ఏడు లక్షలకు మావారి పేరున లోను తీసుకున్నాం. కారూ ఆయన పేరునే ఉంది. నెలకు 14,700 వాడు పంపితే ఆయన ఖాతాలోంచి కట్ అవుతుంది. ఇప్పుడు ఇన్సూరెన్స్‌కి 19,400 కట్టాలి, వాడి దగ్గర లేదు. మావారేమో ‘పైసా ఇవ్వను, అమ్మేయమను’ అంటున్నారు. నెల రోజులుగా తండ్రీ కొడుకులకు మాటల్లేవు. నా చీటీ డబ్బు 60 వేలు ఉంది, అందులోంచి కడతానంటే ఇంట్లో రభస. పెద్దమ్మాయి బంగారం లాంటి పిల్ల. పెళ్లయి రాజమండ్రిలో ఉద్యోగం చేసుకుంటోంది. తమ్ముడి పెట్రోలుకని తొమ్మిది నెలలుగా నెలకు 5 వేలు నాకు పంపుతోంది. అల్లుడికి చెప్పొద్దన్నాను, మావారికీ తెలియదు. నేనే ఇస్తున్నానని అబ్బాయి అనుకుంటున్నాడు. అది ఏనాడూ ఏదీ అడిగి ఎరగదు. గుంటూరు కాలేజీకి బస్సులో తిరిగే రోజుల్లో ఒక్కసారి స్కూటీ అడిగి, మేం వద్దంటే ఊరుకుంది. మావారిని ఒప్పించడం ఎలా?

జవాబు: మీవారిని ఒప్పించే పని పెట్టుకోకండమ్మా. ఆయన చెప్పే తీరు బాగోలేదేమో గానీ, లెక్క సరైనదే. మీరు అడిగినదానికి ఇంతే జవాబు.

అడగకుండా దాటేసిన సంగతి ఒకటుంది. ఇది తండ్రీ కొడుకుల గొడవ అనుకుంటున్నారు మీరు. నాకు మాత్రం మీకూ మీ అమ్మాయికీ మధ్య బాకీ కనిపిస్తోంది. స్కూటీ అడిగితే వద్దన్న పిల్ల చేతే తమ్ముడి కారులో పెట్రోలు పోయిస్తున్నారు. అదీ ఆమె మొగుడికి తెలియకుండా. ఆమె ఊరుకుందంటే అడగాలని లేక కాదు. అడిగినా లాభం లేదని ఆనాడే తెలుసుకుంది. అలా తెలుసుకున్న పిల్ల నోరు తెరిచి ‘ఇవ్వలేనమ్మా’ అని మీతో ఎలా అంటుంది?

కూతురికి పుట్టుకతోనే ఉమ్మడి కుటుంబ ఆస్తిలో హక్కుందని ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే చట్టం వచ్చింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. ఆ మాట ఎత్తితే ‘పెళ్లిలో పెట్టాల్సింది పెట్టేశాంగా’ అనే ఇళ్లే నేటికీ ఎక్కువ. పంపకాల దగ్గర పరాయిదైన పిల్ల, తమ్ముడి ఖర్చుల దగ్గర ఇంటి పిల్ల కాకూడదు. తమ్ముడు ఆసుపత్రిలో ఉంటే అక్కను అడగండి, భర్తతో చెప్పే ఇవ్వమనండి. పెట్రోలు అలాంటి ఆపద కాదు.

పైగా అల్లుడి దగ్గర దాచమన్నారు. రేపు ఆ అబ్బాయి ఫోన్‌లో బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి ‘ఇదేమిటి’ అంటే సంజాయిషీ చెప్పుకోవాల్సింది మీరు కాదు, ఆమె. మీ ఇంట్లో మీరు చాటుగా నడుపుకొస్తున్న పద్ధతిని ఆమె కాపురంలోకి కూడా పంపించారు. నాకు బాధ కలిగించింది ఇదే.

ఇక కారు. మీ అబ్బాయి చేత ఒక కాగితం మీద లెక్క రాయించండి. ఈఎంఐ 14,700. ఆఫీసుకు రానూపోనూ 30 కిలోమీటర్లు, నెలకు 22 రోజులు అనుకుంటే 660 కిలోమీటర్లు. ఊళ్లో ట్రాఫిక్‌లో లీటరుకు 15 వస్తే 44 లీటర్లు. లీటరు 110 చొప్పున 4,840. ఇన్సూరెన్స్ నెలకు 1,600 పడుతుంది. పది వేల కిలోమీటర్లకో ఏడాదికో చేయించాల్సిన సర్వీసుకు 700. టైర్లు నలభై యాభై వేల కిలోమీటర్లకు, బ్యాటరీ మూడు నాలుగేళ్లకు మార్చాలి, వాటికి నెలకు 800 పక్కన పెట్టాలి. పార్కింగు, ఫాస్టాగ్, పంక్చర్లు అన్నీ కలిపి 1,000. మొత్తం 23,600 దాటింది. జీతంలో సగం కన్నా ఎక్కువ కారే తింటోంది. హాస్టలు, తిండి, ఫోను ఇవన్నీ మిగిలిన 18 వేలలోంచే రావాలి. నెలనెలా మీరు 5 వేలు పంపుతుంటే ఈ లెక్క వాడికి ఎప్పటికీ కనపడదు. వాడు చెడ్డవాడు కాదమ్మా, వాడికి తెలియనివ్వలేదు మీరు.

ఆ 19,400 కూడా గుడ్డిగా కట్టకండి. విడివిడిగా రాసిమ్మని అడగండి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారు కొన్నప్పుడే మూడేళ్ల థర్డ్ పార్టీ ప్రీమియం, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టేది, ఒకేసారి కట్టించుకుంటున్నారు. మీ బండికి రెండేళ్లే కాబట్టి ఇప్పుడు కట్టాల్సింది సొంత నష్టం భాగం ఒక్కటే. థర్డ్ పార్టీ అని మళ్లీ వేసి ఉంటే తీయించండి. తర్వాత ఐడీవీ చూడండి, అంటే బండికి కంపెనీ కట్టే విలువ. అదే ఐడీవీ మీద ఇంకో రెండు కంపెనీల దగ్గర ధర అడగండి. ఐడీవీ తగ్గించి చౌక అని చూపించేవాళ్లుంటారు, బండి పోయిన నాడు నష్టం మీదే. జీరో డిప్రిసియేషన్ ఉంచండి. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల ఖరీదులో సగం మీ జేబులోంచి పోతుంది, బంపర్లన్నీ ప్లాస్టిక్‌వే కదా. హైదరాబాద్ వానలకు ఇంజిన్ ప్రొటెక్షన్ కూడా ఉండాలి. నీళ్లలో ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్ట్ చేస్తే నీరు సిలిండర్లలోకి పోయి కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి, మామూలు పాలసీ ఆ ఖర్చు ఇవ్వదు. తాళంచెవి పోతే ఇచ్చే కవరులాంటివి తీసేయొచ్చు. రెండేళ్లూ క్లెయిమ్ లేకపోతే సొంత నష్టం ప్రీమియంలో 25 శాతం నో క్లెయిమ్ బోనస్ రావాలి, వేశారో లేదో చూడండి. గడువు దాటి 90 రోజులైతే అదీ పోతుంది.

ఒకటి మరిచిపోకండి. పాలసీలో ఓనర్ డ్రైవర్‌కి ఇచ్చే 15 లక్షల ప్రమాద బీమా ఆర్‌సీలో పేరున్న మనిషికే, అంటే మీవారికే. బండి నడిపేది మీ అబ్బాయి, వాడికి అది వర్తించదు. వాడి పేరున విడిగా పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకోమనండి.

మీవారికి కూడా ఒక మాట చెప్పాలి. ‘వాడి కారు, వాడి తంటా’ అని చేతులు దులుపుకునే వీలు ఆయనకు లేదు. లోను ఆయనది. వాయిదా తప్పితే పడిపోయేది ఆయన సిబిల్ స్కోరు, అంటే అప్పులు సరిగ్గా కడతారా అని బ్యాంకులు చూసే మార్కు. చలాన్లు ఆయన పేరున వస్తాయి. ప్రమాదం జరిగితే పరిహారం తేల్చే ట్రిబ్యునల్ నోటీసు యజమానిగా ఆయనకే వస్తుంది. కాబట్టి కొడుకుతో ఆయనే మాట్లాడాలి, మీ ద్వారా కాదు. కొడుకును ఒక ఆదివారం ఇంటికి రమ్మనండి. కాగితం ముందు పెట్టుకుని వాళ్లిద్దరూ కూర్చుంటారు. మీరు మధ్యలో వకాల్తా పుచ్చుకోవద్దు, వంటింట్లోంచి జవాబులు చెప్పొద్దు.

కారు ఉంచుకోవాలంటే ఆఫీసుకు మెట్రోలోనో బస్సులోనో వెళ్లి, బండిని వారానికి ఒకరోజు తీయాలి. అప్పుడు పెట్రోలు వెయ్యి పదిహేను వందల్లో ముగుస్తుంది. అది కూడా కుదరదంటే అమ్మడమే నయం. ఏడు లక్షలు తొమ్మిదిన్నర శాతం వడ్డీకి ఐదేళ్ల లోనైతే, 24 వాయిదాలు పోయాక బాకీ దాదాపు 4 లక్షల 59 వేలు ఉంటుంది. బ్యాంకు నుంచి బాకీ లెక్కా, ముందే తీర్చేస్తే వేసే చార్జీ ఎంతో రాతపూర్వకంగా తీసుకోండి. బాకీ తీరాక బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఆర్‌సీలోంచి లోను తీయించే ఫారం 35 ఇస్తుంది. కొనేవారితో పేరు మార్పిడి పత్రాలు ఫారం 29, 30 మీద సంతకాలు అవుతాయి. ఆర్‌సీ పేరు మారిందాకా వెంటపడి చూసుకోండి. పేరు మారకపోతే ప్రమాదానికి పాత యజమానే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఈఎంఐ కాలం పెంచి నెల వాయిదా తగ్గించుకునే ఆలోచన వద్దు, వడ్డీ పెరగడమే మిగులుతుంది.

మీ చీటీ డబ్బు సంగతికి వస్తాను. అరవై వేలు చేతిలో ఉంటే మీకు ముందు గుర్తొచ్చింది కారు ఇన్సూరెన్స్. తొమ్మిది నెలలకు మీ అమ్మాయి పంపింది 45 వేలు. అవి ముందు ఆమె ఖాతాకు వెనక్కి పంపండి. మిగిలిన 15 వేలు ఇన్సూరెన్స్ కోసం అబ్బాయికి ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, మీవారి ఎదుటే, అప్పుగా, ఏ నెల నుంచి ఎంత తిరిగిస్తాడో రాయించుకుని. తక్కువ పడింది వాడే చూసుకుంటాడు.

ఈ రాత్రే మీవారికి ఆ 5 వేల సంగతి చెప్పేయండి. ఆయన కోప్పడితే పడనివ్వండి. అబ్బాయికి కూడా ఆ డబ్బు అక్కదని తెలియాలి. తర్వాత అమ్మాయికి ఫోన్ చేయండి. తమ్ముడి కష్టాలు ఏకరువు పెట్టకండి. ‘నీ చేత అలా దాయించకుండా ఉండాల్సింది, తప్పు నాది. ఇకనుంచి పంపొద్దు. మీ ఆయనకు చెప్పేయి, కావాలంటే నేనే మాట్లాడతాను’ అనండి. ‘పర్లేదులే అమ్మా, ఉంచు’ అంటుంది ఆ పిల్ల. అన్నా సరే, ఆ 45 వేలూ ఈ వారంలోనే పంపేయండి.