లారీ కింద కుక్క గురించి మా అన్న కూతురికి

అమ్మాయ్,

నువ్వు పంపిన ఫోటో మూడుసార్లు పెద్దది చేసి చూశాను. లారీ టైరు వెనక ముడుచుకుని పడుకున్న ఆ ఆడకుక్క బతకదేమో అని రాశావు. బతుకుద్ది. ఒళ్ళంతా బూడిద గుమ్మడికాయలా అయిపోయినా కళ్ళు తేటగా ఉన్నాయి. నువ్వు ఫోన్ ఎత్తేసరికి తల తిప్పి నీ వైపు చూసింది కదా. ఆశ వదిలేసింది అయితే అలా చూడదు. ముప్పై ఏళ్ళు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేశాను. అందులో ముప్పాతిక వంతు ఒంగోలు ఎడ్లతో, గేదెలతో సరిపోయింది గానీ, ఆ తేడా మాత్రం ఏ జీవంలోనైనా ఒక్కటే.

దాని చెవుల అంచులు చూడు. తవుడు అంటించినట్టు పొక్కు కట్టింది. మోచేతుల దగ్గర, పొట్ట కింద కూడా అంతే. గజ్జి. కంటికి కనపడని పురుగు చర్మంలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. మా దగ్గర పనిచేసిన ఒక డాక్టరు గారు కుక్క చెవి అంచును రెండు వేళ్ళ మధ్య మెల్లగా నలిపేవారు. గజ్జి కుక్కయితే వెనక కాలు దానంతటదే గాల్లో గోక్కోవడం మొదలుపెట్టేది. మేమంతా నవ్వేవాళ్ళం, ఆయన మాత్రం చీటీ రాసేసేవారు. నువ్విప్పుడు ఆ పని చేయబోకు. దాని నోటికీ నీ వేళ్ళకూ ఇంకా పరిచయం లేదు.

"సాయంత్రం దుప్పటి కప్పి ఎత్తుకొచ్చేస్తా బాబాయ్" అన్నావు చూడు, అందుకే ఈ ఉత్తరం. వద్దు తల్లీ. నొప్పితో ఉన్న కుక్క మీద దుప్పటి పడితే అది చేసేది రెండే పనులు. కరుస్తుంది, లేదా పొదలకూరు రోడ్డు మీదకి పరుగెత్తి ఏ ఆటో కిందో పడుతుంది. తప్పించుకుంటే నువ్వు కనపడిన చోటికి మళ్ళీ రాదు. పది రోజులు ఓపిక పట్టు.

టంగుటూరు దగ్గర పొగాకు కాల్చి ఆరబెట్టే బ్యారన్ల కాడ నాకు దొరికిన కుక్క సంగతి మీ నాన్నను అడుగు. జనవరి నెల, రాత్రిళ్ళు మంచు. ఒంటి మీద వెంట్రుకన్నది లేదు దానికి, అందుకని బ్యారన్ పొయ్యి వెచ్చదనానికి వచ్చి గోడకు ఆనుకుని పడుకునేది. పొయ్యి ఎగదోసేవాళ్ళు కట్టెతో అదిలిస్తే లేచిపోయి, వాళ్ళు అటు తిరగగానే మళ్ళీ అక్కడికే. నేను రోజూ సాయంత్రం ఆరింటికి, ఒకే సత్తు గిన్నెలో, ఒకే చోట అన్నం పెట్టి, పది అడుగుల దూరంలో దానికి పక్కకు తిరిగి కూర్చునేవాణ్ణి. దాని కళ్ళలోకి చూసేవాణ్ణి కాదు. పిలిచేవాణ్ణి కాదు. బీడీ కాల్చుకుంటూ కూర్చోవడమే (ఆ అలవాటు తర్వాత మానేశాలే). నాలుగో రోజుకి నేను ఉండగానే తినింది. ఎనిమిదో రోజుకి తిన్నాక పోకుండా అక్కడే కూర్చుంది. పదకొండో రోజు వెనకనుంచి వచ్చి నా చెప్పు మీద ముక్కు పెట్టి వాసన చూసింది. ఒళ్ళు జలదరించింది నాకు. అయినా చెయ్యి చాపలేదు. ఆ మర్నాడు అదే చెయ్యి కింద తల పెట్టింది. దాని పేరే బ్యారన్‌గాడు. తొమ్మిదేళ్ళు మా ఇంట్లో ఉన్నాడు.

నువ్వూ అలాగే చెయ్. గిన్నె మార్చొద్దు, వేళ మార్చొద్దు. చికెన్ కొట్లో కార్జం, కందనకాయ తక్కువకే ఇస్తారు. ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టి మెత్తటి అన్నంలో కలుపు. ఒక గుడ్డు వేసినా మంచిదే. ఆకలికి చిక్కి శల్యమైన కుక్కకు ఒక్కసారే కడుపునిండా పెడితే లోపల తట్టుకోలేదు, ప్రాణం మీదకి వస్తుంది. కొంచెం కొంచెం, రోజుకి మూడు నాలుగు సార్లు. పాలు పొయ్యకు, చాలా కుక్కలకు విరేచనాలవుతాయి, పెరుగన్నం పర్వాలేదు. ఉడికిన కోడి ఎముకలు వెయ్యొద్దు, నమిలితే సూదుల్లా చీలిపోయి పేగులో గుచ్చుకుంటాయి. మీ ఎదురింటావిడ మిగిలిన చేపల పులుసు అన్నం తెచ్చి పోస్తోందని రాశావు. ఆమె మనసు మంచిదే, నెల్లూరు చేపల పులుసు మనకు అమృతమే, కానీ అందులో ఉల్లిపాయ ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తాన్ని పాడుచేస్తాయి. నవ్వుతూ చెప్పు ఆమెకి. పులుసు పోసే బదులు నీళ్ళ తొట్టి నింపమను, ఆమె కూడా నీ వైపు అవుతుంది.

ఇప్పుడొక తప్పు చెప్తాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో గజ్జికి అందరి దగ్గరా ఉన్న మందు ఒక్కటే, లారీ షెడ్డులో పారబోసే నల్లాయిలు. ఒళ్ళంతా పూస్తే పురుగు చచ్చిపోతుందనేవాళ్ళు. నేనూ నమ్మాను. మా వీధిలో ఒక గజ్జి కుక్కకు నా చేత్తోనే పూశాను, అదేదో సేవ చేస్తున్నట్టు. అది రాత్రంతా ఒళ్ళు నాక్కుంది. తెల్లారేసరికి నురగ కక్కుతోంది. రెండో రోజు పోయింది. నీకు కూడా ఎవరో ఒకరు చెప్తారు, ఆయిలు పూయమని, కిరసనాయిలు తుడవమని. లారీ పక్కనే ఉంది కాబట్టి డ్రైవరే పూసేస్తానంటాడు. అతన్ని ముందే ఆపు.

మందు డాక్టరు ఇస్తారు. బ్లేడుతో చర్మం కొంచెం గీకి మైక్రోస్కోప్ కింద చూస్తారు, ఎందుకంటే వెంట్రుకలు ఊడే జబ్బులన్నీ ఒకటి కావు. నమిలే బిళ్ళలు వచ్చాయి ఇప్పుడు, గజ్జికీ పిడుదులకూ రెండింటికీ పనిచేస్తాయి. మా రోజుల్లో పశువులకు వేసే ఇంజెక్షనే కుక్కకు ఉజ్జాయింపుగా పొడిచేసేవాళ్ళు. కొన్ని జాతులకు ఆ మందు విషం, నాటుకుక్కకైనా మోతాదు తప్పితే ప్రమాదమే. అందుకే బరువు తెలియాలి. అది నీకు చేరువయ్యాక, దాన్ని ఎత్తుకుని బరువు మిషన్ మీద నిలబడు, తర్వాత నువ్వొక్కదానివే నిలబడు, తీసివేసుకో. నీ చేతుల మీద దద్దుర్లు వస్తే టెన్షన్ పడకు. కుక్క గజ్జి పురుగు మన ఒంటి మీద ఎక్కువ రోజులు బతకదు. వేడినీళ్ళలో బట్టలు ఉతుక్కో, తగ్గకపోతే చర్మం డాక్టరుకు చూపించుకో. ఈ ముసురులో దానికి స్నానం మాత్రం చేయించకు. ఒంటి మీద వెంట్రుకే లేనిదానికి చలి ఎముకల్లోకి పోతుంది. పొడి గోనెసంచి ఒకటి వేసి, దాని మీద నీ పాత చీర ముక్క పరుచు.

పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూడడం కూడా నేర్చుకో. గులాబీ రంగులో ఉండాలి. పాలిపోయి తెల్లగా ఉంటే పిడుదుల జ్వరం అనుమానించాలి, రక్తపరీక్ష అడుగు. దానికి మాత్రలు దాదాపు నెల రోజులు వేయాల్సి వస్తుంది. వారానికే తోక ఊపిందని మానేయకు. నట్టల మందు ఎలాగూ వేస్తారు.

ఇక కాటు సంగతి. ఇందులో నేను మొహమాటపడను. రేబీస్ లక్షణాలు మొదలయ్యాక మనిషి బతకడం దాదాపు లేదు. కుక్కల పని పెట్టుకున్నావు కాబట్టి కాటు పడకముందే టీకా వేయించుకో: మొదటి రోజు, 7వ రోజు, తర్వాత 21 లేదా 28వ రోజు. ఒకవేళ పన్ను దిగితే, గోరు గీరి రక్తం వచ్చినా సరే, ముందు కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడుగు. గడియారం చూసుకుని కడుగు, రెండు నిమిషాలకే పదిహేను అయినట్టు అనిపిస్తుంది. కారం, సున్నం, కాఫీ పొడి ఏదీ అద్దొద్దు. పసరు మందు వాళ్ళ దగ్గరికి అసలు పోవద్దు. సర్కారు ఆసుపత్రిలో సూది ఉచితం. చర్మంలో వేసే పద్ధతిలో మొదటి రోజు, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. చర్మం తెగి రక్తం వస్తే గాయంలోనే వేసే ఇంకో మందు ఉంటుంది, దాన్ని అడిగి వేయించుకో. ముందే టీకా వేయించుకుని ఉంటే కాటు తర్వాత రెండు సూదులతో పోతుంది. కుక్కను పది రోజులు గమనించాలి. "నీళ్ళు తాగుతోంది, పిచ్చి లేదు" అంటారు చాలామంది, ఆ మాట నమ్మకు. పిచ్చి పట్టిన కుక్క నీళ్ళు తాగొచ్చు. గొంతు మారడం, దవడ వేలాడడం, చొంగ, తూలడం, ఎదురొచ్చిన ప్రతిదాన్నీ కొరకడం చూస్తే దగ్గరికి పోకుండా మునిసిపాలిటీకి చెప్పు.

ఆసుపత్రికి తీసుకెళ్ళే రోజున పొద్దున పెద్దగా తిండి పెట్టకు, ఆటోలో కక్కుతుంది. మెత్తటి చున్నీతో మూతి చుట్టూ ఒక ముడి, గడ్డం కింద ఇంకొకటి, చెవుల వెనక మూడోది. ముక్కు రంధ్రాలు మూయకుండా చూసుకో, ఎక్కువసేపు ఉంచకు. ఆటోవాళ్ళు గజ్జి కుక్కను ఎక్కించరు. ముందురోజే ఒకణ్ణి మాట్లాడుకుని, సీటు మీద పరిచే గోనె నువ్వే తెస్తానని చెప్పి, రానూపోనూ డబ్బులు ఇవ్వు. కాలు విరగడం లాంటివి అయితే తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది, దీనికి మాత్రం ఊళ్ళోనే సరిపోతుంది.

ఒళ్ళు చేసి, వెంట్రుకలు వచ్చాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. ఇది చేయించకపోతే నువ్వు పెట్టిన తిండంతా ఏడాదికి రెండు ఈతలకు పెట్టుబడి అవుతుంది. చూలు నిండడానికి 63 రోజులే, అటూ ఇటూగా. 2023లో వచ్చిన కేంద్రం నిబంధనల ప్రకారం ఆపరేషన్ చేసి, రేబీస్ టీకా వేసి, ఎక్కడ పట్టారో అక్కడే వదలాలి. గుర్తుగా చెవి కొనకు గాటు పెడతారు. టీకా కార్డు ఫోటో ఫోన్లో పెట్టుకో. వీధిలో ఎవరైనా గొడవకొస్తే వాదించకుండా అది చూపించు. తిండి పెట్టే చోటు కూడా పిల్లలు స్కూలుకు నడిచే దారిలో వద్దు. తిన్నాక గిన్నె, విస్తరి తీసెయ్. కుక్కల మీద కోపంలో సగం ఆ ఎంగిలి విస్తర్ల మీద కోపమే.

ఇంటికి తెచ్చుకోవాలా అని అడిగావు. అద్దె ఇల్లు, రెండో అంతస్తు, రేపు ట్రాన్స్‌ఫర్ అయితే? ఉలవపాడు సముద్రం వైపు రొయ్యల గుంటల దగ్గర చూస్తూనే ఉంటాను. కాపలాకని కుక్కపిల్లను తెస్తారు, గుడిసెలో పక్కనే పడుకోబెట్టుకుంటారు, పేరు పెడతారు. రొయ్య పట్టేశాక సామాన్లన్నీ ట్రాక్టరెక్కుతాయి, కుక్క ఎక్కదు. అది గట్టు మీదే ఉంటుంది, వచ్చే ప్రతి బండికీ ఎదురెళ్తుంది. మొదటినుంచీ వీధిలో పెరిగింది వెతుక్కుని తింటుంది. ఇలా పెంచి వదిలేసింది ఎదురుచూస్తుంది. నాకు గజ్జి కుక్కల కంటే వాటిని చూస్తేనే బాధ. అందుకని చివరిదాకా పెంచగలిగితేనే మెట్లెక్కించు. లేదంటే ఆ లారీ షెడ్డే దాని ఊరు. అక్కడే ఆరోగ్యంగా ఉండనియ్, రోజూ ఆరింటికి గిన్నె తీసుకుని వెళ్ళు. అదేం తక్కువ పని కాదు.

ఆదివారం సింగరాయకొండలో రైలెక్కి వస్తాను. నన్ను చూసి బెదురుతుంది, నేను దూరంగానే కూర్చుంటాను. అప్పటిదాకా నువ్వు దాని దగ్గరికి వెళ్ళేటప్పుడు రోజూ అవే చెప్పులు వేసుకో, కడక్కు.

మీ బాబాయి