బిళ్ల ఆరిందా, అమ్మలూ?

చిరంజీవి అమ్మలుకు, మామయ్య ఆశీస్సులు.

కోబాల్ట్ ఫెర్రైట్ (ఇనుము, కోబాల్ట్ కలిసిన అయస్కాంత ఆక్సైడ్) నానో కణాల మీద పరిశోధనకు చేరుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంట్లో మళ్లీ ఒకరు పదార్థాల విద్యుత్ గుణాలు కొలిచే ఎల్‌సీఆర్ మీటర్ ముందు కూర్చుంటారంటే గుండె నిండిపోయింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

పొడి తయారీకి నైట్రేట్లు, సిట్రిక్ ఆమ్లం కలిపిన జెల్ వేడెక్కాక ఒక్కసారిగా భగ్గుమంటుంది. పొగలను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్‌లోనే చెయ్యి. కళ్లద్దాలు తీయకు, జడ ముడి వేసుకో. ఆ పొడిని అదిమి చేసిన బిళ్ల రెండు ముఖాలకూ వెండి పేస్టు పూసేటప్పుడు అంచు మీదికి రానివ్వకు. ఇవి మీ గైడు కూడా చెబుతారు. నన్ను నిద్రపోనివ్వనిది తేమ.

పరిశోధనలో నాకది రెండో ఏడు, ఆగస్టు నెల, ముసురు. నికెల్ ఫెర్రైట్ బిళ్లను రాత్రంతా బల్ల మీదే వదిలేసి పొద్దున కొలిచాను. 100 హెర్ట్జ్ దగ్గర డైఎలెక్ట్రిక్ స్థిరాంకం (విద్యుత్ క్షేత్రంలో పదార్థం ఎంత ఆవేశం నిలుపుకోగలదో చెప్పే సంఖ్య) వేలల్లో వచ్చింది, పౌనఃపున్యం పెంచేకొద్దీ దిగిపోయింది. ఫెర్రైట్ల తీరే అంత. ఫెర్రస్, ఫెర్రిక్ అనే రెండు రకాల ఇనుము అయాన్ల మధ్య గెంతే ఎలక్ట్రాన్లు నిరోధం ఎక్కువున్న రేణువుల సరిహద్దుల దగ్గర పోగుపడతాయి, పౌనఃపున్యం పెరిగితే వాటికి ఆ వ్యవధి ఉండదు. 1951లో కూప్స్ అనే శాస్త్రవేత్త చూపించిన నమూనా ఇదే. గీత ఆకారం కుదిరిందని మురిసిపోయాను. బిళ్లలో వృథా అయ్యే శక్తిని చెప్పే టాన్ డెల్టా 1 దాటి కనిపిస్తున్నా పట్టించుకోలేదు. అంతా నానో పరిమాణం మహిమేనని వ్యాసం రాసి అచ్చు వేయించాను.

మే నెలలో నా జూనియర్ అదే బిళ్లను కొలిస్తే పదో వంతు కూడా రాలేదు. అతను పూసిన పేస్టే బాగాలేదని వారం రోజులు తిట్టాను. పాపం, ఆ అబ్బాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. చివరికి వానలు మొదలయ్యాక బిళ్లను 150 డిగ్రీల దాకా వేడిచేస్తూ కొలిచాం, చల్లారుతుండగా మళ్లీ కొలిచాం. ఎక్కేటప్పటి గీత ఒకటి, దిగేటప్పటిది పూర్తిగా వేరొకటి. వేడికి తేమ ఎగిరిపోయిందన్నమాట. నాకొచ్చిన ఆ వేల విలువలన్నీ నీళ్ల వల్లే! రేణువులు పెరిగిపోతే నానో అన్న మాటే పోతుందని బిళ్లను తక్కువ వేడిలో కాల్చాను, అందుకే లోపల రంధ్రాలు మిగిలాయి. నానో పొడికి ఉపరితలం ఎక్కువని అందరికీ పాఠం చెప్పేవాణ్ణి, ఆ ఉపరితలం తేమ పీలుస్తుందని నాకే తట్టలేదు. పత్రికకు సవరణ వెంటనే పంపాను. ఆ అబ్బాయిని క్షమించమని అడగడానికి మాత్రం చాలా రోజులు పట్టింది.

నువ్వు చేరేది కూడా వానాకాలంలోనే, తల్లీ. బిళ్లను ఆరబెట్టి, తేమ చేరనివ్వని డెసికేటర్ పాత్రలోనే ఉంచు. అందులో తేమ పీల్చే నీలం సిలికా జెల్ గులాబీ రంగుకు తిరిగితే ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ వాడు. ఆ రోజు గదిలో తేమ ఎంతో నోటుబుక్కులో రాయి. పెద్ద విలువ వస్తే సంబరపడు, వద్దనను. ఎవరికైనా చెప్పేముందు గ్రాఫు ఫోటో నాకు పంపు, దిగేటప్పటి గీత కూడా అందులో ఉండాలి. రాత్రి పదకొండయినా మేలుకునే ఉంటాను.

మీ మామయ్య