చిన్న క్యాబినెట్‌లో క్యాడ్ కంప్యూటర్: డబ్బు దేనికి పెట్టాలి, జాగ్రత్త ఎక్కడ పడాలి

సందేహం: ఒంగోలులో ఇంటి దగ్గరే ఉండి ఇళ్ల ప్లాన్లు గీసి ఇస్తుంటాను. టూడీ పనే ఎక్కువ, ఎలివేషన్ల కోసం అప్పుడప్పుడు త్రీడీ చేస్తాను. బల్ల మీద పట్టేంత చిన్న క్యాబినెట్‌లో లక్ష రూపాయల లోపు కంప్యూటర్ అసెంబుల్ చేయించాలని ఉంది. అందులో సగం గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలని షాపువారు చెబుతున్నారు. నిజంగా అవసరమా?

జవాబు: మీ పనికి అవసరం లేదు. నెల్లూరు, కావలి, కందుకూరు నుంచి కూడా ఇదే ప్రశ్న చిన్న చిన్న మార్పులతో వస్తూనే ఉంది. గేమ్స్ ఆడేవారి కోసం తయారుచేసుకున్న విడిభాగాల జాబితానే డ్రాయింగ్ పని చేసుకునేవారికీ అంటగట్టడం వల్ల వస్తున్న ఇబ్బంది ఇది. క్యాడ్ పనిలో, అంటే కంప్యూటర్ మీద డ్రాయింగులు గీసే పనిలో, కంప్యూటర్ మిమ్మల్ని ఆపి కూర్చోబెట్టేది ఎక్కువగా ప్రాసెసర్ దగ్గరే. త్రీడీ మోడల్‌లో ఒక కొలత మార్చారనుకోండి, దానిపై ఆధారపడిన గాట్లు, రంధ్రాలు, అంచులు అన్నీ ఒకదాని తరవాత ఒకటిగా మళ్లీ లెక్కకు రావాలి. ముందుది తేలితే తప్ప తరవాతది మొదలు కాదు కనుక, ప్రాసెసర్‌లో పదహారు కోర్లు (విడివిడిగా లెక్కలు చేసే భాగాలు) ఉన్నా ఆ సమయంలో పరుగెత్తేది దాదాపు ఒక్కటే. అందుచేత కోర్ల సంఖ్య చూసి మురిసిపోకుండా, ఒక్కొక్క కోరు వేగం ఎక్కువగా ఉన్న మధ్యస్థాయి ప్రాసెసర్‌ను, వీలైనంత కొత్త తరానిది తీసుకోండి. రెండరింగ్ (మోడల్‌ను ఫొటోలా కనిపించే బొమ్మగా మార్చడం), స్ట్రక్చరల్ అనాలిసిస్ (కట్టడం బరువు ఆపుతుందా అన్న లెక్కలు) రోజూ చేసేవారికి మాత్రమే ఎక్కువ కోర్లు పెట్టిన డబ్బుకు తగిన ఫలితాన్నిస్తాయి.

ఇక ర్యామ్ సంగతి, అంటే పని నడుస్తున్నంతసేపూ కంప్యూటర్ వివరాలు పెట్టుకునే తాత్కాలిక మెమరీ. చిన్న క్యాబినెట్లలో వాడే మినీ ఐటీఎక్స్ మదర్‌బోర్డు 17 సెంటీమీటర్ల చదరం. అంత చోటులో ర్యామ్‌కు సాధారణంగా రెండే స్లాట్లు, గ్రాఫిక్స్ కార్డు వంటి వాటికి ఒక్కటే స్లాటు ఉంటాయి. ఇప్పుడు తక్కువలో పోతుందని 8 జీబీవి రెండు వేయించుకుంటే, రేపు పెంచాలనుకున్నప్పుడు రెండూ తీసి పక్కన పెట్టాల్సి వస్తుంది. కాబట్టి మొదట్లోనే 16 జీబీవి రెండు వేయించండి. కొత్త తరం డీడీఆర్5 ర్యామ్ అన్నింటిలోనూ తప్పులు సరిదిద్దే ఈసీసీ ఉంటుందని కొందరు అమ్మకందారులు చెబుతున్నారు. అది ర్యామ్ చిప్పు లోపల జరిగే దిద్దుబాటు మాత్రమే. చిప్పు నుంచి ప్రాసెసర్ దాకా వచ్చే దారిలో పడే తప్పును పట్టుకోవాలంటే అసలైన ఈసీసీ ర్యామ్, దాన్ని అంగీకరించే బోర్డు, ప్రాసెసర్ మూడూ ఉండాలి. వంతెనల డిజైన్ లెక్కలు గంటల తరబడి నడిపేవారికి ఆ ఖర్చు న్యాయమే కానీ ఇళ్ల ప్లాన్లకు అంత అక్కరలేదు.

గ్రాఫిక్స్ కార్డు విషయంలో మీ టూడీ పనికి ప్రాసెసర్‌తో వచ్చే గ్రాఫిక్సే సరిపోతుంది. త్రీడీ కోసం కార్డు కావాలనుకుంటే, మదర్‌బోర్డు స్లాటు నుంచే 75 వాట్ల వరకు విద్యుత్తు అందుతుంది కనుక, విడిగా పవర్ కేబుల్ అవసరం లేని కార్డు చూసుకోండి. చిన్న పెట్టెలో వేడి తగ్గడానికి అంతకన్నా సులువైన మార్గం లేదు. కార్డు పొడవు, ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ ఎత్తు ఎన్ని మిల్లీమీటర్ల వరకు పడతాయో క్యాబినెట్ వివరాల్లో రాసి ఉంటుంది. ఆ రెండు అంకెలు చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా ఇచ్చే ఎస్‌ఎంపీఎస్‌ను (కరెంటును కంప్యూటర్ భాగాలకు అందించే పెట్టెను) ఒప్పుకోకండి. చాలా చిన్న క్యాబినెట్లలో పట్టేది ఎస్‌ఎఫ్‌ఎక్స్ రకం, అంటే 125 మిల్లీమీటర్ల వెడల్పు, 100 పొడవు, 63.5 ఎత్తు ఉన్నది. మీ పనికి పేరున్న కంపెనీ 450 వాట్లది ధారాళంగా సరిపోతుంది. ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీకి రెండో స్లాటు కొన్ని చిన్న బోర్డులకు వెనుక వైపున ఉంటుంది. దాన్ని బోర్డు బిగించక ముందే పెట్టించుకోవాలి, లేకపోతే తరవాత కంప్యూటర్ మొత్తం విప్పాల్సి వస్తుంది.

ఇక్కడ తయారీదారులందరి మీదా నాకున్న ఫిర్యాదు ఒకటి చెప్పాలి. ప్రాసెసర్ పెట్టె మీద 65 వాట్లు అని పెద్ద అక్షరాలతో వేస్తారు. వాటిలో కొన్ని పూర్తి వేగం అందుకున్నప్పుడు 200 వాట్లకు పైగా లాగుతాయన్న సంగతి ఎక్కడో లోపలి పట్టికలో ఉంటుంది. పెద్ద క్యాబినెట్‌లో ఆ తేడా తెలియకపోవచ్చు కానీ, పది లీటర్ల పెట్టెలో, రోహిణీ కార్తెలో, ఏసీ లేని గదిలో ఆ అంకె దాచడం కొనేవారికి చేసే అన్యాయమే. ముందు భాగమంతా గాజు పెట్టి గాలి వచ్చే దారి మూసేసిన క్యాబినెట్ల డిజైనర్లు కూడా మన వేసవిని ఎన్నడూ చూడనివారే అయి ఉండాలి. జాలీ ఉన్న క్యాబినెట్ తీసుకుని, ప్రాసెసర్ వాడే విద్యుత్తుకు బయాస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే కంప్యూటర్ సెట్టింగుల్లో) పరిమితి పెట్టించండి. వేగం కొద్దిగానే తగ్గుతుంది, వేడి మాత్రం బాగా తగ్గుతుంది.

సందేహం: చీమకుర్తిలో గ్రానైట్ కటింగ్ యూనిట్ పక్కనే మా ఆఫీసు. నిరుడు కొన్న చిన్న కంప్యూటర్ మధ్యాహ్నం వేళ బాగా నెమ్మదిస్తోంది. ఇన్వర్టర్ ఉన్నా కరెంటు పోగానే రీస్టార్ట్ అవుతోంది. ప్రాసెసర్ మార్చాలా?

జవాబు: ఏదీ మార్చే ముందు క్యాబినెట్ తెరిపించి కూలర్‌ను దగ్గరగా చూడండి. రాతిపొడి సన్నగా ఉంటుంది, దానికి కటింగ్ దగ్గరి తడిగాలి తోడైతే హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మ) రేకుల మధ్య గట్టి పెచ్చులా పేరుకుంటుంది. బయటికి ఫ్యాన్ తిరుగుతూనే కనిపిస్తుంది కానీ రేకుల మధ్య గాలి కదలదు. ప్రాసెసర్ వేడి వంద డిగ్రీల దగ్గరికి చేరగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మధ్యాహ్నపు నెమ్మది చాలావరకు అదే. బ్లోయర్‌తో శుభ్రం చేసేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోవాలి, లేకపోతే బేరింగు పాడవుతుంది. గాలి లోపలికి తెచ్చే ఫ్యాన్లు బయటికి పంపేవాటికన్నా ఎక్కువ ఉండి, వాటి ముందు కడిగి వాడుకునే ఫిల్టర్ ఉంటే సందుల్లోంచి పొడి రావడం తగ్గుతుంది.

రీస్టార్ట్‌కు కారణం ఇన్వర్టర్ మోడ్ అయి ఉంటుంది. కరెంటు ఆగాక ఎస్‌ఎంపీఎస్ పూర్తి లోడు మీద దాదాపు 16 మిల్లీసెకన్లు మాత్రమే నిలుస్తుంది. ఇన్వర్టర్ మామూలు మోడ్‌లో బ్యాటరీకి మారడానికి అంతకన్నా ఎక్కువ సమయమే తీసుకుంటుంది. వెనుక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అందులోకి మార్చండి. లేకపోతే కంప్యూటర్‌కు విడిగా యూపీఎస్ పెట్టండి. 600 వీఏ అని రాసిన యూపీఎస్‌లలో చాలావాటి అసలు సామర్థ్యం 360 వాట్లేనని గుర్తుంచుకుని కొనండి.

సందేహం: నెల్లూరులో చిన్న కన్సల్టెన్సీ మాది. కొత్త వర్క్‌స్టేషన్‌లో స్నేహితుడు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన క్యాడ్ సాఫ్ట్‌వేర్ వేసుకున్నాం. యాంటీవైరస్ ఆన్ చేస్తే అది తెరుచుకోవడం లేదు. దానికి అడ్డురాని మంచి యాంటీవైరస్ ఏది?

జవాబు: అలాంటి యాంటీవైరస్ ఉంటే అది పనికిరానిదని అర్థం. నాకు వచ్చే ఉత్తరాలన్నింటిలో ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. ప్రాసెసర్ తప్పుగా ఎంచుకుంటే పని నెమ్మదిస్తుంది, అంతే. ఈ పెన్‌డ్రైవ్ వల్ల ఆఫీసే మూతపడవచ్చు. ఇలా క్రాక్ చేసిన (లైసెన్సు తాళం విరిచిన) సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే సూచనలు ఒకసారి మళ్లీ చదవండి: యాంటీవైరస్ ఆపండి, ఫైర్‌వాల్‌లో ఫలానాది అడ్డగించండి, అడ్మినిస్ట్రేటర్‌గా నడపండి అని ఉంటుంది. అంటే కాపలా తీసేసి, ముక్కూ మొహం తెలియని ప్రోగ్రాముకు కంప్యూటర్ మీద సర్వాధికారాలు మీరే అప్పగించారు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే స్టాప్ అనే ర్యాన్సమ్‌వేర్ ఎక్కువగా పాకింది ఇలాంటి క్రాకుల ద్వారానే. అంతకన్నా నిశ్శబ్దంగా పనిచేసేవి ఇంకొన్ని ఉన్నాయి. అవి బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులతో పాటు, లాగిన్ అయి ఉన్నట్లు సైటుకు గుర్తుచేసే కుకీలను కూడా ఎత్తుకుపోతాయి. కుకీ చేతికి చిక్కినవారికి మీ మెయిల్లోకి వెళ్లడానికి ఓటీపీతో పని ఉండకపోవచ్చు.

కాంట్రాక్టర్ల తరఫున టెండర్లు వేసే మీవంటి ఆఫీసుల్లో మరో అలవాటు ఉంది. డిజిటల్ సంతకం ఉన్న యూఎస్‌బీ టోకెన్‌ను ఉదయం గుచ్చితే సాయంత్రం దాకా అదే కంప్యూటర్‌కు వదిలేస్తారు, పిన్ కీబోర్డు కింద కాగితం మీద రాసి ఉంటుంది. కీబోర్డు మీద కొట్టే ప్రతి అక్షరాన్నీ గమనించే ప్రోగ్రాము లోపల ఉంటే, టోకెన్ గుచ్చి ఉన్నంతసేపూ మీ కాంట్రాక్టరు సంతకం పరాయివారి చేతిలో ఉన్నట్లే. చట్టం దృష్టిలో ఆ సంతకం చేత్తో చేసినదానితో సమానం. టోకెన్ వాడే పనికి క్యాడ్‌తో సంబంధం లేని మరో కంప్యూటర్ పెట్టండి, పని అవగానే తీసి బీరువాలో దాచండి.

సక్రమంగా కొన్న సాఫ్ట్‌వేర్ ఉన్నవారు కూడా నిశ్చింతగా ఉండే వీలు లేదు. ఆటోక్యాడ్‌లో పనులు తేలిక చేసుకోవడానికి రాసుకునే లిస్ప్ ఫైళ్లకు పూర్తి ప్రోగ్రామంత శక్తి ఉంటుంది. డ్రాయింగుల ఫోల్డరులో ‘ఏసీఏడీ’ అనే పేరుతో ఎల్‌ఎస్‌పీ లేదా ఎఫ్‌ఏఎస్ రకం ఫైలు ఒకటి కూర్చుని ఉంటే, పాత వెర్షన్లలో డ్రాయింగు తెరవగానే అదీ నడిచేది. 2012లో బయటపడిన మెడ్రే అనే వార్మ్ (తనంతట తానే పాకే హానికర ప్రోగ్రాము) ఈ దారిలోనే పాకి, ముఖ్యంగా పెరూ దేశంలో, వేల సంఖ్యలో డ్రాయింగులను చైనాలోని మెయిల్ ఖాతాలకు పంపించింది. ఆ తరవాత వెర్షన్లలో సెక్యూర్‌లోడ్ అనే సెట్టింగు చేర్చారు. దాని విలువ 1 ఉంటే నమ్మకమైన ఫోల్డరులో లేని ఫైలును నడిపే ముందు అడుగుతుంది, 2 ఉంటే అసలు నడపదు. హెచ్చరికలు విసిగిస్తున్నాయని దాన్ని 0 చేసి పెట్టే ఆఫీసులున్నాయి, దయచేసి ఆ పని చేయకండి. వాట్సాప్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో జిప్ ఫైలు వచ్చినప్పుడు డ్రాయింగును మాత్రమే వేరే ఫోల్డరులోకి తీసుకుని తెరవండి.

మీ కంప్యూటర్ విషయంలో ఇక శుభ్రం చేయడం అనే మాట లేదు. డ్రాయింగులు మాత్రమే కాపీ తీసుకుని, విండోస్ మొత్తం కొత్తగా వేయించి, పాస్‌వర్డులన్నీ వేరే కంప్యూటర్ నుంచి మార్చండి. క్యాడ్‌కు చందా భారమైతే, టూడీకి లిబ్రెక్యాడ్, త్రీడీకి ఫ్రీక్యాడ్ ఉచితంగా దొరుకుతాయి. 2024 నవంబరులో వచ్చిన ఫ్రీక్యాడ్ 1.0 యంత్రభాగాల డిజైన్‌కు నిజంగా పనికొస్తుంది. ఇతరులతో డీడబ్ల్యూజీ (ఆటోక్యాడ్ డ్రాయింగు) ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవడంలో మాత్రం ఈ రెండింటితోనూ ఇబ్బంది ఉంది. రోజూ ఆ పని ఉన్నవారు తక్కువ ధరలో దొరికే ఇతర క్యాడ్ సాఫ్ట్‌వేర్లను ట్రయల్ వేసి చూసుకుని కొనడం మేలు.

సందేహం: కావలిలో డిప్లొమా చదువుతున్నాను. ఆఫీసుల్లో వాడి అమ్మేసిన అరచేతి వెడల్పు కంప్యూటర్లు చవకగా దొరుకుతున్నాయి. క్యాడ్ నేర్చుకోవడానికి పనికొస్తాయా?

జవాబు: నేర్చుకోవడానికి పనికొస్తాయి, గ్రాఫిక్స్ కార్డు తరవాత వేసుకోవచ్చన్న ఆశ మాత్రం పెట్టుకోకండి, చాలావాటిలో దానికి చోటుండదు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక, విండోస్ 11ను అధికారికంగా అంగీకరించే ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉన్నదే తీసుకోండి. షాపులోనే విండోస్ రీసెట్ చేయించి, నెట్‌కు కలిపి చూడండి. ఏదైనా సంస్థ మెయిల్‌తో లాగిన్ కమ్మని అడిగినా, బయాస్ తెరవడానికి పాస్‌వర్డ్ కోరినా ఆ కంప్యూటర్ ఇంకా పాత యజమాని అదుపులోనే ఉన్నట్లు లెక్క. ఎంత చవకైనా దాన్ని వదిలేసి, మరొకటి చూపించమని అడగండి.