ఎస్‌కు ముందా, తర్వాతా?

తమ్ముడూ,

పాలమూరు వలసల మీద ఇంగ్లీషులో నువ్వు రాసిన వ్యాసం చదివాను. విషయం బలంగా ఉంది. అపాస్ట్రఫీలు, అంటే ఇంగ్లీషులో అక్షరాల పక్కన పైన పెట్టే (’) గుర్తులు, మాత్రం చాలాచోట్ల తప్పాయి. వాటిని అచ్చుతప్పులుగా సరిపెట్టుకోలేను, అర్థమే మారిపోయింది కాబట్టి.

కూలీలను కూడగట్టి పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రి అడ్వాన్సు ఇచ్చే పేరా చూడు. కూలీల అప్పు అనడానికి ‘లేబరర్స్ డెట్’ అని రాసి, ఎస్‌కు ముందు గుర్తు పెట్టావు. అప్పుడు ఆ అప్పు ఒక్క మనిషిది అవుతుంది. నువ్వు చెబుతున్నది గుంపంతా మోసే అప్పు గురించి. గుర్తు ఎస్ తర్వాత రావాలి. అప్పు ఎవరిదో తేలకపోతే ఆ పేరాకు ప్రాణమే లేదు. కింద కూలీలు బస్సెక్కారన్న చోట అసలు గుర్తే అక్కరలేదు, అది వట్టి బహువచనం.

ఈ మూడూ చెవికి ఒక్కలాగే వినిపిస్తాయి. విన్నది విన్నట్టు రాయడం మనకు తెలుగు నేర్పిన అలవాటు. ఇంగ్లీషులో ఆ చెవిని నమ్మకు. ముందు తెలుగులో అనుకో: కూలీలు, కూలీ అప్పు, కూలీల అప్పు. మన భాషలో మూడూ విడివిడిగా కనిపిస్తాయి. ‘లు’ వస్తే గుర్తు వద్దు, ఒకరిదైతే ఎస్‌కు ముందు, ‘ల’ వస్తే ఎస్ తర్వాత. చిల్డ్రన్, విమెన్ లాంటివి ఎస్ లేకుండానే బహువచనాలు కనుక వాటికి గుర్తు పెట్టి, ఆ తర్వాత ఎస్ చేర్చాలి. వలస కుటుంబాల పిల్లల చదువు గురించి రాసినచోట ఇది సరిచూసుకో.

పిల్లలమర్రి ఊడల దగ్గర ‘ఇట్స్’కు గుర్తు పెట్టావు. ‘ఇట్ ఈజ్’ అనో ‘ఇట్ హాజ్’ అనో విప్పి చదివినా వాక్యం నిలిస్తేనే ఆ గుర్తు ఉండాలి. ‘దాని’ అనే అర్థంలో ఉండకూడదు, ‘హిజ్’, ‘అవర్స్’లకు లేనట్టే. ఒకప్పుడు ఇంగ్లీషువాళ్లే అలా రాసేవారు. 1787 నాటి అమెరికా రాజ్యాంగ మూలప్రతిలో ‘దాని తనిఖీ చట్టాలు’ అన్నచోట ఆ గుర్తు ఉంది. నేటి వాడుకలో అది తప్పే.

శ్రీనివాస్ లాంటి పేర్లకు గుర్తు తర్వాత మరో ఎస్ చేర్చేవారూ, చేర్చనివారూ ఉన్నారు. ఒక పద్ధతి ఎంచుకుని చివరిదాకా అదే పాటించు.

సవరించిన ప్రతి త్వరగా పంపు. మేస్త్రి అప్పు పద్దు రాసుకునే తీరు రెండు వాక్యాల్లో ముగించావు, అది ఇంకా పెంచాలి.

నీ అన్న,
నల్గొండ