ఫోన్ మనదే అయినా అందులో ఏ ఫీచర్ పనిచేయాలో నెట్‌వర్క్ కంపెనీ ఎలా నిర్ణయిస్తుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: అమెరికాలో నెట్‌వర్క్ కంపెనీ దగ్గరే వాయిదాల మీద ఫోన్ తీసుకున్నారు. హాట్‌స్పాట్ ఆన్ చేస్తే మీ ప్లాన్‌లో ఈ సౌకర్యం లేదని వస్తోంది. ఫోన్‌తో పాటే వచ్చిన కొన్ని యాప్‌లు ఎంత ప్రయత్నించినా పోవడం లేదు. ఇది ఫోన్ లోపమా, కంపెనీ కావాలని చేసిందా, యాప్ స్టోర్‌లో కూడా వాళ్ళ మాట చెల్లుతుందా అని అడిగారు.

లోపం కాదండి, కావాలని చేసిందే. నేను యాప్‌లు రాసేవాడిగానూ, ఫోన్ కొన్నవాడిగానూ ఈ ఇబ్బంది పడ్డాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

2005 ప్రాంతంలో నేను అక్కడ ఒక చిన్న కంపెనీలో మొబైల్ యాప్‌లు రాసేవాణ్ణి. మొత్తం ఐదుగురం. ఇప్పటిలాంటి యాప్ స్టోర్ అప్పటికి లేదు. మన యాప్ జనం ఫోన్లలోకి చేరాలంటే నెట్‌వర్క్ కంపెనీ నడిపే డౌన్‌లోడ్ మెనూలో చోటు దొరకాలి. ఆ మెనూని మేం డెక్ అనేవాళ్ళం. చిప్‌లు తయారుచేసే క్వాల్‌కామ్ వాళ్ళ బ్రూ అనే యాప్ వేదిక మీద నడిచే ఫోన్లలోనైతే డిజిటల్ సంతకం లేని యాప్ తెరుచుకునేదే కాదు. ముందు డబ్బు కట్టి ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి, తర్వాత నెట్‌వర్క్ కంపెనీ ఒప్పుకోవాలి, ఆ తర్వాత ధర దగ్గర బేరం. ఒక్కో మోడల్‌కి స్క్రీన్ వేరు, కీలు వేరు. అందుకని మోడల్‌కో పరీక్ష.

మేం రాసింది కాలినడకన వెళ్ళేవాళ్ళకి దారి చూపించే యాప్. ఫోన్లలో జీపీఎస్ అప్పటికే వచ్చేసింది. అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేసినవాళ్ళు ఎక్కడున్నారో తెలియాలని ఎఫ్‌సీసీ, అంటే అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ, నిబంధన పెట్టడంతో చాలా మోడళ్ళలో ఆ సౌకర్యం పెట్టారు. కానీ ఆ చిప్ చెప్పే స్థానాన్ని చదివే అనుమతి మా యాప్‌కి ఇవ్వలేదు. నాలుగు నెలలు తిరిగాక తెలిసింది, ఆ కంపెనీ తనే నెలవారీ రుసుముతో దారి చూపించే సేవ అమ్ముతోందని. మా యాప్‌లో ఫలానా తప్పుందని ఎవరూ చెప్పలేదు. ఎందుకు వద్దన్నారో కాగితం మీద ఒక్క ముక్క రాలేదు. ప్రాజెక్టు ఆగిపోయింది, మాలో ఇద్దరు ఉద్యోగం మానేశారు. ఇన్నేళ్ళయినా అది తలచుకుంటే నాకు బాధే. జనం డబ్బు పెట్టి కొన్న ఫోన్‌లో చిప్ ఉంది, పనిచేస్తోంది, కానీ కొన్నవాళ్ళకి అందదు.

అప్పట్లో ఇది వింతేమీ కాదు. 2004లో వెరైజన్ అనే నెట్‌వర్క్ కంపెనీ అమ్మిన మోటరోలా వి710లో బ్లూటూత్ ఉండేది. హెడ్‌సెట్ పెట్టుకోవచ్చు, కానీ కెమెరాతో తీసిన ఫోటోని బ్లూటూత్ మీద కంప్యూటర్‌కి పంపడం కుదరదు, ఆ భాగాన్ని ఆపేశారు. కొన్నవాళ్ళు మరుసటి ఏడాది కోర్టుకెళ్ళారు.

ఇంత అధికారం ఎక్కడిదంటారా? రెండేళ్ళ ఒప్పందం మీద 200 డాలర్లకు వచ్చే స్మార్ట్‌ఫోన్ అసలు ధర అంతకు రెండు మూడు రెట్లుండేది. మిగతాది నెట్‌వర్క్ కంపెనీ తయారీదారుకి కట్టి, మన నెల బిల్లులో రాబట్టుకునేది. లక్షల ఫోన్లు ఒక్కసారి ఆర్డర్ పెట్టేది వాళ్ళు. ఏ మోడల్ షాపు ముందు వరుసలో ఉండాలో చెప్పేదీ వాళ్ళే. అలాంటప్పుడు తయారీదారుకి అసలు కొనుగోలుదారు నెట్‌వర్క్ కంపెనీ. ఏ మెనూ తీసేయాలో, ఏ బటన్ మీద ఏ యాప్ పెట్టాలో వాళ్ళు చెబితే తయారీదారు చేసిచ్చేవాడు. 2010లో శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్ అమెరికాలో నాలుగు కంపెనీలకి నాలుగు పేర్లతో వచ్చింది. అందులో వెరైజన్ అమ్మిన ఫాసినేట్‌లో గూగుల్ బదులు మైక్రోసాఫ్ట్ వాళ్ళ సెర్చ్ బింగ్ పెట్టారు, దాన్ని సెట్టింగ్స్‌లో మార్చుకునే వీలు లేదు. గూగుల్ తయారుచేసిన ఆండ్రాయిడ్‌లో గూగుల్ సెర్చ్ పెట్టుకోలేకపోవడం ఏమిటో ఆలోచించండి.

2007లో ఐఫోన్ వచ్చినప్పుడు ఈ లెక్క మొదటిసారి మారింది. ఫోన్ మీద నెట్‌వర్క్ కంపెనీ బొమ్మ లేదు, వాళ్ళ యాప్‌లు లేవు. అక్కడి నెట్‌వర్క్ కంపెనీ ఏటీ అండ్ టీ ఒప్పుకుంది, దానికి బదులుగా 2011 ఫిబ్రవరి దాకా అమెరికాలో ఐఫోన్ తన దగ్గరే దొరికే హక్కు తీసుకుంది. 2008 జూలైలో 500 యాప్‌లతో యాప్ స్టోర్ తెరిచారు, అమ్మకంలో 70 శాతం రాసినవాళ్ళకి. అదే ఏడాది అక్టోబరులో ఆండ్రాయిడ్ మార్కెట్ వచ్చింది. ఇక్కడ చాలామంది మర్చిపోయిన సంగతి ఒకటుంది. ఆండ్రాయిడ్ మార్కెట్‌లో కూడా డెవలపర్‌కి 70 శాతమే, అయితే మిగిలిన 30 శాతంలో తాము వాటా తీసుకోమని, అది నెట్‌వర్క్ కంపెనీలకి, బిల్లింగ్ ఖర్చులకి పోతుందని గూగుల్ అప్పట్లో ప్రకటించింది. డెక్ పోయినా, డెక్ నడిపినవాళ్ళకి కట్టే కప్పం కొన్నాళ్ళు అలాగే ఉందన్నమాట.

యాప్ స్టోర్‌లో వాళ్ళ మాట చెల్లుతుందా అన్నారు కదా. చెల్లిందని చెప్పడానికి గూగుల్ వాళ్ళ ఫోన్ కాల్స్ సేవ గూగుల్ వాయిస్‌కి 2009లో జరిగిన ఉదంతం చాలు. యాపిల్ ఆ యాప్‌ని స్టోర్‌లోకి రానివ్వలేదు. జూలై నెలాఖరున ఎఫ్‌సీసీ యాపిల్‌కి, ఏటీ అండ్ టీకి, గూగుల్‌కి ముగ్గురికీ ఉత్తరాలు రాసి సంజాయిషీ అడిగింది. ఆ నిర్ణయంలో తన పాత్ర లేదని ఏటీ అండ్ టీ చెప్పింది. కానీ ఆ జవాబుల్లోనే ఇంకో విషయం బయటపడింది. ఏటీ అండ్ టీ అనుమతి లేకుండా దాని మొబైల్ నెట్‌వర్క్ మీద ఇంటర్నెట్ కాల్స్ చేసే యాప్‌ని ఐఫోన్‌లో రానివ్వకూడదని ఇద్దరి మధ్య ఒప్పందం ఉంది. అందుకే ఐఫోన్‌లో స్కైప్ వైఫై మీద మాత్రమే మాట్లాడనిచ్చేది. ప్రశ్నలు మొదలయ్యాక, ఆ అక్టోబరులో 3జీ మీద కూడా ఇలాంటి కాల్స్‌కి ఏటీ అండ్ టీ ఒప్పుకుంది. గూగుల్ వాయిస్ మాత్రం 2010 నవంబరు దాకా ఆగాల్సి వచ్చింది.

2011 డిసెంబరులో గెలాక్సీ నెక్సస్ వచ్చినప్పుడు వెరైజన్ ఫోన్లలో గూగుల్ వాలెట్, అంటే ఫోన్‌తోనే డబ్బు చెల్లించే యాప్, లేదు. ఫోన్ లోపలి భద్రతా చిప్‌ని వాడుకోవడం గురించి ఇంకా చర్చిస్తున్నామని వెరైజన్ వివరణ. అదే సమయంలో వెరైజన్, ఏటీ అండ్ టీ, టీ-మొబైల్ కలిసి ఐసిస్ అని సొంత వాలెట్ తయారుచేసుకుంటున్నాయి. దానికి తర్వాత సాఫ్ట్‌కార్డ్ అని పేరు మార్చారు, జనం వాడలేదు, 2015లో దాని సాంకేతికతను గూగులే కొనుక్కుంది. సొంత స్టోర్ల సంగతీ అంతే. 2010లో ప్రపంచంలోని 24 పెద్ద ఆపరేటర్లు కలిసి వ్యాక్ పేరుతో ఉమ్మడి యాప్ వేదిక ప్రకటించాయి, రెండేళ్ళకే మూసేశారు. వెరైజన్ తన యాప్ స్టోర్‌ని 2013లో ఎత్తేసింది.

ఇక మీ హాట్‌స్పాట్. నాకూ ఇదే జరిగింది. 2010లో ఒక పెద్ద కంపెనీ దగ్గర ఒప్పందం మీద ఆండ్రాయిడ్ ఫోన్ తీసుకున్నాను. ఒక రాత్రి ఇంట్లో ఇంటర్నెట్ పోయింది, తెల్లారేసరికి క్లయింట్‌కి పంపాల్సిన పని ఉంది. ఫోన్‌లో డేటా ఉంది కదా అని హాట్‌స్పాట్ నొక్కితే, నెలకు ఇంకో 20 డాలర్లు కట్టమని స్క్రీన్ వచ్చింది. అప్పటికే డేటాకి నెలనెలా కడుతున్నాను. అదే డేటా ఫోన్‌లో వాడితే ఒక ధర, ల్యాప్‌టాప్‌కి ఇస్తే ఇంకో ధర. ఆ రాత్రి పడ్డ టెన్షన్ నాకింకా గుర్తే. ఇంకో దారి లేక 20 డాలర్లు కట్టాను.

లోపల జరిగేది ఇది. మీరు హాట్‌స్పాట్ నొక్కగానే ఫోన్ ముందు నెట్‌వర్క్ కంపెనీ సర్వర్‌ని ఈ నంబర్‌కి అనుమతి ఉందా అని అడుగుతుంది. లేదంటే రేడియో ఆన్ చేయదు. ఈ తనిఖీ ఫోన్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుంది, సిమ్ ఏ కంపెనీదో చూసి దానికి తగిన సెట్టింగ్స్ ఫైల్ ఎక్కుతుంది. ఐఫోన్‌లో క్యారియర్ సెట్టింగ్స్ అప్‌డేట్ అని అప్పుడప్పుడు వచ్చేది ఇదే. కొన్ని కంపెనీలు హాట్‌స్పాట్ డేటాని వేరే ఏపీఎన్ (ఫోన్ డేటా నెట్‌వర్క్‌లోకి వెళ్ళే ద్వారం) మీద పంపించి విడిగా లెక్కపెడతాయి. తనిఖీని తప్పించుకున్నా పట్టుకునే మార్గాలున్నాయి: ఫోన్ నుంచి నేరుగా వెళ్ళే ప్యాకెట్ (డేటా ముక్క) మీద టీటీఎల్, అంటే ఒక్కో పరికరం దాటినప్పుడల్లా ఒకటి తగ్గే సంఖ్య, సాధారణంగా 64 ఉంటుంది, అలాగే 64తో మొదలుపెట్టే వేరే పరికరం నుంచి ఫోన్ గుండా వచ్చినదైతే ఒకటి తగ్గి 63 అవుతుంది. ఆ తేడాతో తెలిసిపోతుంది.

ఈ విషయంలో చట్టం ఒకసారి గట్టిగా పనిచేసింది. 2008లో 700 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్ వేలం వేసినప్పుడు, అందులో సీ బ్లాక్ కొన్నవాళ్ళు ఏ పరికరాన్నీ, ఏ యాప్‌నీ అడ్డుకోకూడదని ఎఫ్‌సీసీ షరతు పెట్టింది. ఆ బ్లాక్‌లో ఎక్కువ భాగం వెరైజన్ కొంది. తర్వాత, హాట్‌స్పాట్‌లా పనిచేసే యాప్‌లు తన కస్టమర్లకు స్టోర్‌లో కనిపించకుండా చేయమని గూగుల్‌ని కోరింది. దీని మీద ఎఫ్‌సీసీ విచారణ జరిపింది, 2012 జూలైలో అది వెరైజన్ 12.5 లక్షల డాలర్లు చెల్లించడంతో ముగిసింది. వాడుకున్నంతకే డబ్బు కట్టే ప్లాన్లలో హాట్‌స్పాట్‌కి అదనంగా అడగకూడదన్నది కూడా ఆ ఒప్పందంలో తేలింది. అన్‌లిమిటెడ్ ప్లాన్లకి ఆ రక్షణ రాలేదు. ఇప్పటికీ అన్‌లిమిటెడ్ అని రాసి ఉన్న ప్లాన్లలోనే హాట్‌స్పాట్‌కి విడిగా పరిమితులు కనిపిస్తాయి. కాబట్టి ముందు మీ ప్లాన్ వివరాల్లో హాట్‌స్పాట్ అన్న లైను వెతికి, ఎన్ని జీబీ అని ఉందో చూడండి. అసలు ఆ లైనే లేకపోతే మీకు జవాబు దొరికినట్టే.

పోని యాప్‌ల గురించి: ఆండ్రాయిడ్ 4.0 నుంచి చాలావాటిని సెట్టింగ్స్‌లో డిసేబుల్ చేయవచ్చు. ఆ బటన్ కూడా లేకపోతే ఫోన్‌ని కంప్యూటర్‌కి కలిపి ఏడీబీ అనే డెవలపర్ల సాధనంతో మీ యూజర్ వరకు తీసేయవచ్చు. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే తిరిగొస్తాయి, వారంటీకి ఇబ్బంది రాదు. పేరు తెలియని సిస్టమ్ యాప్‌ల జోలికి మాత్రం వెళ్ళకండి.

అన్‌లాక్ గురించి, అంటే ఒకే కంపెనీ సిమ్‌కి కట్టేసిన ఫోన్‌ని వేరే కంపెనీల సిమ్‌లకి కూడా తెరవడం గురించి, మీరు అడగలేదు కానీ, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం అదే. 2013 జనవరి నుంచి ఏడాదిన్నర పాటు అమెరికాలో కంపెనీ అనుమతి లేకుండా కొత్త ఫోన్ అన్‌లాక్ చేసుకోవడం చట్టవిరుద్ధంగా ఉండేది. జనం ఊరుకోలేదు, 2014 ఆగస్టులో దాన్ని సరిచేస్తూ చట్టం వచ్చింది. బాకీ తీరిన ఫోన్‌ని అడిగితే అన్‌లాక్ చేస్తామని పెద్ద కంపెనీలు నియమావళి కూడా ఒప్పుకున్నాయి. కెనడాలో 2017 డిసెంబరు నుంచి, బ్రిటన్‌లో 2021 డిసెంబరు నుంచి లాక్ చేసిన ఫోన్లు అమ్మడమే కుదరదు. ఫోన్‌నీ కనెక్షన్‌నీ విడివిడిగా కొనే చోట ఈ గొడవలు చాలావరకు ఉండవు. నా 2010 ఫోన్ తర్వాత నేను ఎప్పుడూ నెట్‌వర్క్ కంపెనీ దగ్గర ఫోన్ కొనలేదు. ఒకేసారి డబ్బు పెట్టడం కష్టమనిపిస్తే తయారీదారు దగ్గరే వాయిదాలు ఉంటాయి.

విడిగా కొన్న ఫోన్‌కి కూడా ఒక తలుపు మూసి ఉండవచ్చు, ఆ జాగ్రత్త తీసుకోండి. అమెరికాలో 2022లో 3జీ మూతపడ్డాక కాల్స్ ఎక్కువగా 4జీ మీదే వెళ్తాయి, అంటే వోల్టీ. ఫోన్‌లో వోల్టీ ఉన్నా, ఆ మోడల్ కంపెనీ ఆమోదించిన జాబితాలో లేకపోతే కాల్స్ పనిచేయకపోవచ్చు. కొనేముందే మీ నెట్‌వర్క్ కంపెనీ వెబ్‌సైట్‌లో ఐఎంఈఐ నంబర్ (ఒక్కో ఫోన్‌కీ ఉండే గుర్తింపు సంఖ్య) కొట్టి చూసుకోండి.

యాప్ స్టోర్ తాళాలు ఇప్పుడు నెట్‌వర్క్ కంపెనీల చేతిలో లేవు, యాపిల్, గూగుల్ దగ్గరున్నాయి. వాటి మీద యూరప్‌లోనూ అమెరికా కోర్టుల్లోనూ నడుస్తున్న పోరాటం పెద్దది, దానికి విడిగా జవాబు రాయాలి.

మీరు ఇప్పుడు చేయాల్సింది ఒకటే. ఫోన్ వాయిదాలు ఎంత మిగిలాయో చూసి, తీరిన వెంటనే అన్‌లాక్ అభ్యర్థన పెట్టండి. అన్‌లాక్ అయ్యాక ఇంకో కంపెనీ సిమ్ ఒకటి వేసి హాట్‌స్పాట్ నొక్కండి. అప్పుడు ఆన్ అయితే అడ్డు మీ పాత ప్లాన్‌లోనే ఉన్నట్టు. అప్పటికీ పాత కంపెనీ స్క్రీనే వస్తే, ఫోన్‌లో ఇంకా వాళ్ళ సాఫ్ట్‌వేరే ఉన్నట్టు. అలా అయితే మోడల్ నంబరు ఇక్కడ రాయండి, ఏం చేయవచ్చో చూసి చెబుతాను.