పప్పుశనగలో తెల్ల గూళ్లు: కందిరీగ గుడ్డు పురుగు ఒంట్లో ఎట్లా బతుకుతుంది?

ప్రశ్న: పప్పుశనగ వేసి 40 రోజులైంది. పచ్చపురుగు కనిపిస్తోంది. కొన్ని ఆకుల మీద వడ్లగింజ కంటే చిన్న గూళ్లు ఉన్నాయి. తెల్లగా, నల్ల మచ్చలతో ఉన్నాయి. పక్కనే పురుగు తోలు ఎండిపోయి ఉంది. రైతు సేవా కేంద్రంలో చూపిస్తే, కందిరీగ పురుగు లోపల గుడ్డు పెట్టి పెరిగిందన్నారు. మన కాల్లో ముల్లు దిగితేనే చీము పట్టి బయటికి నెడుతుంది. మరి పురుగు ఒంట్లో గుడ్డు ఎట్లా బతుకుతుంది? మందుల అంగడిలో రెండు మందులు కలిపి కొట్టమంటున్నారు. కొట్టాలా?
– ఒక రైతు, ఆస్పరి మండలం, కర్నూలు జిల్లా

జవాబు: ముందు ఆ గూళ్లను నలపకండి. మీరు చెప్పిన గుర్తులను బట్టి అవి కాంపొలెటిస్ అనే బదనిక (ఇంకో పురుగు ఒంట్లో పెరిగి దాన్ని చంపే) కందిరీగవి. శనగపచ్చ పురుగుకు మన నల్లరేగడిలో ఉన్న ముఖ్యమైన శత్రువుల్లో ఇదొకటి.

ముల్లు పోలికతో మీరు అడిగిన ప్రశ్న చాలా మంచిది. పురుగుకూ రక్షణ ఉంది. దాని రక్తంలోని కణాలు పరాయి వస్తువును గుర్తుపట్టి, పొరలు పొరలుగా చుట్టుకుని, నల్లగా గట్టిపడి, దాన్ని ఊపిరాడకుండా చంపేస్తాయి. కందిరీగ గుడ్డుకూ అదే గతి పట్టాలి. కానీ తల్లి ఈగ గుడ్డుతో పాటు ఒక వైరస్‌నూ పురుగులోకి ఎక్కిస్తుంది. అది రక్తకణాలను దెబ్బతీస్తుంది, అవి గుడ్డును చుట్టలేవు. ఆ వైరస్ తయారయ్యేది ఆడ ఈగ అండాశయంలోనే. దాని జన్యువులు ఈగ జన్యువుల్లోనే కలిసిపోయి తరం నుంచి తరానికి వస్తాయి. పురుగు ఒంట్లో అది పెరగదు. మనుషులకు, పశువులకు దాంతో భయం లేదు. 1981లో అమెరికా, కెనడా శాస్త్రవేత్తలు ఇదే జాతికి చెందిన మరో కందిరీగ మీద దీన్ని తేల్చారు. గుడ్లను కడిగి ఎక్కిస్తే పురుగు చంపేసింది, వైరస్‌తో కలిపి ఎక్కిస్తే గుడ్లు బతికాయి.

అయినా ఈగ చిన్న పురుగులనే వెతుక్కుంటుంది. గుడ్డు పడిన పురుగు తిండి తగ్గించి, ఎదగకుండా ఉండిపోతుంది. వారం అటూ ఇటూ లోపలి పిల్ల బయటికొచ్చి గూడు కట్టుకుంటుంది. అంటే కాయలను గుల్ల చేసే వయసు రాకముందే ఆ పురుగు పని అయిపోతుంది.

కందిలో పెద్ద పురుగులను పట్టే టాకినిడ్ ఈగలున్నాయి. వాటి దారి వేరు. చాలా టాకినిడ్ పిల్లలు తమ చుట్టూ పురుగు కట్టిన పొరనే గొట్టంలా మలుచుకుని, దాని గుండా బయటి గాలి పీలుస్తాయి! ఇన్నేళ్లుగా చూస్తున్నా నాకు ఇది వింతగానే ఉంటుంది.

ఇక మందు సంగతి. పురుగు రక్షణను దాటే ఈ కందిరీగ మీ స్ప్రేయర్‌ను దాటలేదు. రెండు మందులు కలిపి కొడితే ముందు చచ్చేది అదే. చేలో పది చోట్ల మీటరు సాలు చొప్పున పురుగులను లెక్కించండి. ఒక ఇరవై చిన్న పురుగులను శనగ కొమ్మలతో ఇంటికి తెచ్చి ఒక్కోదాన్ని వేరే డబ్బాలో వేయండి, కలిపి ఉంచితే ఒకదాన్నొకటి తినేస్తాయి. ఎన్నింటి నుంచి గూళ్లు వస్తాయో చూస్తే మీ చేలో కందిరీగ బలం తెలుస్తుంది.

మీటరుకు ఒకటి రెండు కంటే తక్కువ ఉంటే పక్షిస్థావరాలు, ఎకరాకు నాలుగు లింగాకర్షక బుట్టలు చాలు. పెరుగుతుంటే 5 శాతం వేపగింజల కషాయం గానీ, సాయంత్రం పూట ఎకరాకు 200 ఎల్.ఇ. (వైరస్ మోతాదు కొలత) ఎన్.పి.వి. (పచ్చపురుగును చంపే వైరస్ మందు) గానీ వాడండి. అప్పటికీ మించితేనే ఎమామెక్టిన్ బెంజోయేట్ లీటరు నీటికి 0.4 గ్రాములు, అదొక్కటే కొట్టండి.

ట్రైకోకార్డులు (పురుగు గుడ్లలో పెరిగే చిన్న కందిరీగలున్న అట్టలు) మాత్రం కొనకండి. పొద్దున్నే శనగ చేలో నడిస్తే కాళ్లు మంటెక్కించే పులుపే ఆ చిన్న కందిరీగలనూ పనిచేయనివ్వదు. వచ్చే ఏడాది శనగ సాళ్ల మధ్య అక్కడక్కడా ధనియాలు వేయండి. ఆ పూల తేనె కోసం కాంపొలెటిస్ మీ చేలో నిలుస్తుంది.